టీవీలో చిరుతని చూసి అక్కడితో ఆపెయ్యకండి: వైజాగ్‌లో పిల్లలతో వైల్డ్‌లైఫ్ ప్రోగ్రాములు చూసే పద్ధతి

మా పాపకి తొమ్మిదేళ్ళు. మొదటిసారి కంబాలకొండ తీసుకెళ్ళినప్పుడు గేటు దాటి ఇంకా అరగంట కూడా నడవలేదు, "చిరుత ఏది నాన్నా" అని మొదలెట్టింది, గంటయ్యేసరికి ఏడుపు. తన తప్పేం లేదు లెండి, టీవీలో చిరుత రావడానికి మూడు నిమిషాలు చాలు, ఇక్కడేమో గంట నడిస్తే ఒక పెద్ద సాలీడు గూడు, నాలుగు సీతాకోకచిలకలు, ఎక్కడో పొదల్లో అరిచే ఏదో పిట్ట, అంతే. కంబాలకొండ అంటే 70 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవి, 2002లో అభయారణ్యం అయింది, లోపల చిరుతలు ఉన్న మాట నిజమే, కానీ అవి మన ఆదివారం చూసుకుని బయటికి రావు కదా.

అప్పట్నుంచి ఇంట్లో ఈ ప్రోగ్రాములు చూసే పద్ధతే మార్చేశాం. ఏడాదిన్నరగా చేస్తున్నాం, బాగానే పనిచేస్తోంది, అందుకే రాస్తున్నా. ఖర్చేం లేదు, కాస్త ఓపిక కావాలి.

ముందు భాష సంగతి చూసుకోండి. డిస్కవరీ, సోనీ బీబీసీ ఎర్త్ లాంటి ఛానళ్ళకి తెలుగు ఆడియో ఉంటుంది, సెట్‌టాప్ బాక్స్ రిమోట్ మీద ఆడియో అనో లాంగ్వేజ్ అనో ఒక బటన్ ఉంటుంది, చాలామంది దాన్ని ఏళ్ళ తరబడి నొక్కరు. మా ఇంట్లో ఆర్నెల్లు హిందీలోనే చూశాం, కేబుల్ కుర్రాడు వచ్చి పెట్టి వెళ్ళింది అదే, మార్చొచ్చని మాకు తట్టలేదు. యాప్‌లో చూస్తుంటే ప్రోగ్రాం మొదలయ్యాక ఆడియో ఆప్షన్‌లో వెతకండి. కొత్తగా మొదలెట్టేవాళ్ళయితే ఆఫ్రికాతో కాకుండా మన పక్క అడవులతో మొదలెట్టండి అంటాను, వైల్డ్ కర్ణాటక 2020లో టీవీకి వచ్చినప్పుడు ఇంగ్లీషు గొంతు డేవిడ్ అటెన్‌బరోది, తెలుగు గొంతు ప్రకాష్‌రాజ్‌ది, పులి, ఏనుగు, నెమలి అన్నీ తెలిసిన మొహాలే కాబట్టి పిల్లలకి త్వరగా ఎక్కుతుంది.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే తెలుగులోనే పెట్టండి, పక్కన కూర్చోబెట్టుకోండి. డబ్బింగ్‌లో పేర్లు చాలాసార్లు తప్పు పడతాయి, ముఖ్యంగా చీతాని పట్టుకుని చిరుత అనేస్తారు. మా నాన్న చోడవరం దగ్గర పల్లెటూరి రైతు, ఇప్పుడు మా దగ్గరే ఎంవీపీ కాలనీలో ఉంటున్నారు, ఒకరోజు ఆఫ్రికా గడ్డిలో చీతా పరిగెడుతుంటే వెనక గొంతు "చిరుత" అంది, ఆయన వెంటనే "ఒలే గుంటా, అది చిరుత కాదే. చిరుత మన కొండల్లో ఉంటాది, దాని ఒంటి మీద మచ్చలు పువ్వుల్లాగుంటాయి. ఇది సూడు, చుక్కలు, కంటి కాడ్నుంచి నోటి దాకా నల్లగీత, ఏడిసినట్టు" అన్నారు. నేను అప్పటిదాకా ఆ గీత సరిగ్గా చూడనేలేదు. మన దేశంలో చీతాలు లేవని 1952లోనే తేల్చేశారు, మళ్ళీ 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి 8 తెచ్చి మధ్యప్రదేశ్ కూనోలో వదిలారు, ఇదంతా పాపకి అప్పుడే చెప్పాను. ఇంకోటి కూడా చెప్పా, 1880లో విశాఖపట్నంలో గవర్నర్ ఏజెంటుగా ఉన్న తెల్లదొర ఒకాయన వేటకెళ్ళి చీతా చేతిలో దెబ్బలు తిని చచ్చిపోయాడు, అది అడవి చీతా కూడా కాదు, విజయనగరం రాజావారు వేటకని పెంచుకున్నది. మన ఊరి కథ అనేసరికి పాప ఆ రోజు అన్నం తింటూ కూడా అదే అడిగింది. కాబట్టి మధ్యమధ్యలో పాజ్ కొట్టి మాట్లాడుకోండి, ప్రోగ్రాం ఎక్కడికీ పోదు.

టీవీ సెట్టింగుల గురించి రెండు ముక్కలు. పిక్చర్ మోడ్ వివిడ్‌లో ఉంటే అడవంతా పెయింటు కొట్టినట్టు కనిపిస్తుంది, దాన్ని సినిమా మోడ్‌కో నార్మల్‌కో మార్చండి, కదిలే బొమ్మని మరీ నున్నగా చేసేసే మోషన్ స్మూదింగ్ అని ఒకటి ఉంటుంది, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, దాన్ని ఆపెయ్యండి. అంతే.

ఇక అసలు పని. మొదటి ఐదు నిమిషాలు మ్యూట్ నొక్కి చూడండి. పిల్లలు గోల పెడతారు, పెట్టనివ్వండి. ఎందుకంటే ఆ ప్రోగ్రాముల్లో మనం వినే చప్పుళ్ళలో చాలా భాగం అక్కడివి కావు. కెమెరామన్ వందల మీటర్ల దూరంలో పెద్ద లెన్స్ పెట్టుకుని కూర్చుంటాడు, లెన్స్‌కి దూరం దగ్గరవుతుంది గానీ మైక్‌కి అవ్వదు కదా, అందుకని అడుగుల చప్పుడు, గడ్డి కొరికే చప్పుడు, రెక్కల చప్పుడు అన్నీ తర్వాత స్టూడియోలో కూర్చుని తయారుచేస్తారు. మంచు మీద నడిచే చప్పుడు కావాలంటే కార్న్‌ఫ్లోర్ నింపిన సంచిని నొక్కుతారు, కరకరమంటుంది. మీ ఇంట్లో కూడా ఒక ప్యాకెట్ తీసి పిల్లల చెవి దగ్గర నొక్కి చూపించండి, పెద్ద ఖర్చేం కాదు, తర్వాత మంచూరియాకి వాడుకోవచ్చు.

చప్పుడు కన్నా మ్యూజిక్ ఇంకా పెద్ద మాయ. ఎవరి పక్షం ఉండాలో మనకి మ్యూజిక్కే చెప్పేస్తుంది. సింహం అడవిదున్నల వెనక పడే సీను ఒకటి మ్యూట్‌లో చూస్తే మా పాప "నాన్నా సింహం ఎంత బక్కగా ఉందో, ఎముకలు కనిపిస్తున్నాయి" అంది. అదే సీను సౌండ్‌తో పెట్టాక "పాపం దున్నపిల్ల పారిపో పారిపో" అని కేకలు. బొమ్మ అదే, మనిషి మారిపోయింది. అప్పుడడిగా, ఇందాక సింహం మీద జాలి పడ్డావు కదా అని, కాసేపు ఆలోచించి "డ్రమ్స్ వల్ల" అంది. ఇంకో ఆట కూడా ఆడొచ్చు, ప్రోగ్రాం మొదట ఎవరి పిల్లల్ని చూపించారో గుర్తుపెట్టుకోమనండి. నక్క పిల్లలు ఆకలితో ఉన్నట్టు మొదలెడితే కుందేలు దొరకాలని కోరుకుంటాం, కుందేలు పిల్లలతో మొదలెడితే నక్కని తిట్టుకుంటాం. ఇది ఒకసారి పట్టుకున్నాక పిల్లలు సినిమాలు, యాడ్లు కూడా అలాగే చూడ్డం మొదలెడతారు, అది వేరే గొడవ.

తర్వాత మెట్టు, కట్‌లు లెక్కపెట్టడం. ప్లానెట్ ఎర్త్ రెండో సిరీస్, 2016ది, అందులో గాలపాగస్ దీవుల్లో ఇగ్వానా అనే పెద్ద బల్లిలాంటి దాని బుల్లి పిల్ల ఒకటి ఇసుకలోంచి బయటికొస్తే రాళ్ళ సందుల్లోంచి పాములు గుంపుగా తరుముకొచ్చే సీను ఉంది, చూడనివాళ్ళు తక్కువ, ఫోన్లలో అంత తిరిగింది. అది పెట్టి, కెమెరా కోణం మారిన ప్రతిసారీ ఒక చిక్కుడు గింజ గిన్నెలో వెయ్యమన్నా. చూస్తుండగానే గిన్నె నిండుతూ వచ్చింది. అప్పుడు అడగండి, ఇగ్వానా ఒకటే, పరుగు ఒకటే, మరి ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి ఇన్ని కెమెరాలు ఎలా తీశాయి అని. ఆ సీనులో ఉన్నది ఒకే ఇగ్వానా కాదు, వేరేవేరే పిల్లల షాట్లు కలిపి కుట్టారని తీసినవాళ్ళే తర్వాత చెప్పారు. మోసమా అంటే నేనైతే అనను. పాములు తరమడం నిజం, ఇగ్వానాలు పారిపోవడం నిజం, వరస మాత్రం ఎడిటింగ్ టేబుల్ మీద పుట్టింది.

కానీ అన్నీ ఒకటే గాటన కట్టెయ్యకూడదు. 2011లో ఫ్రోజెన్ ప్లానెట్‌లో ధ్రువపు ఎలుగు పిల్లలు పుట్టే సీను నెదర్లాండ్స్‌లో ఒక జూలో తీసింది, ప్రోగ్రాంలో ఆ మాట చెప్పలేదని గొడవైంది. అడవిలో నిజం గుహలో కెమెరా పెడితే తల్లి పిల్లల ప్రాణమైనా పోతుంది, కెమెరామన్ ప్రాణమైనా పోతుంది అని అటెన్‌బరో వాదన. అది నాకు సబబుగానే అనిపిస్తుంది, తెర మీద ఒక లైను వేసి ఉంటే సరిపోయేది. 1958 నాటి డిస్నీ సినిమా ఒకటి ఉంది, లెమ్మింగులు అనే ఎలకల్లాంటివి గుంపులు గుంపులుగా సముద్రంలో దూకి ఆత్మహత్య చేసుకున్నట్టు చూపించారు, దానికి ఆస్కార్ కూడా వచ్చింది. తీరా చూస్తే ఆ జంతువుల్ని వేరే చోటు నుంచి కొని తెచ్చి, కొండ మీంచి వీళ్ళే తోశారు. ఈ రోజుకీ జనం లెమ్మింగులు ఆత్మహత్య చేసుకుంటాయనే అనుకుంటారు. ఈ మూడూ వరసగా చెప్పి, ఇందులో ఏది ఓకే ఏది కాదు అని పిల్లల్నే అడగండి, పెద్దవాళ్ళకన్నా బాగా తీర్పు చెప్తారు.

చివరి పది నిమిషాలు ఛానల్ మార్చొద్దు. చాలా ప్రోగ్రాముల్లో అక్కడే ఎలా తీశారో చూపిస్తారు. మొదటి ప్లానెట్ ఎర్త్, 2006లో వచ్చింది, 11 ఎపిసోడ్లకి 5 ఏళ్ళు పట్టింది. వారాల తరబడి ఒక గుడారంలో కూర్చుని ఏమీ దొరక్క ఉత్త చేతులతో ఇంటికెళ్ళే కెమెరామన్‌ని చూశాక పిల్లలకి కంబాలకొండ అర్థమవుతుంది. మా పాప ఇప్పుడు ట్రాప్ కెమెరా అంటే ఏంటో మీకే చెప్తుంది, చెట్టుకి కట్టేసి వచ్చేస్తారు, ముందు ఏదైనా కదిలితే దానంతటదే ఫోటో తీసుకుంటుంది, రాత్రి పూట తిరిగే చిరుతలు దొరికేది ఎక్కువగా అలాగే.

ఇప్పుడు ఎవరూ వైల్డ్‌లైఫ్ అనుకోని ప్రోగ్రాముల గురించి. పొద్దున్నే ఈటీవీలో అన్నదాత వస్తుంది, నాన్న చూస్తారు, నేను చిన్నప్పట్నుంచీ దాన్ని కాఫీ టైములో వెనకాల వినబడే చప్పుడు అనుకునేవాణ్ణి. ఇలా చూడ్డం మొదలెట్టాక అర్థమైంది, తెలుగులో నిజమైన ప్రకృతి ప్రోగ్రాం అంటే ఇలాంటి వ్యవసాయం ప్రోగ్రాములే. డబ్బింగ్‌లో "వేటాడే కీటకము" అంటాడు, ఇక్కడ లేడీబర్డ్‌ని అక్షింతల పురుగు అంటాడు, ఆకు రసం పీల్చే చిన్న పురుగుల్ని పేనుబంక అంటాడు, కత్తెర పురుగు, సుడిదోమ, మిత్ర పురుగులు, శత్రు పురుగులు, అన్నీ పొలంలో మనుషులు నోటితో అనే మాటలు. అక్షింతల పురుగు పేనుబంకని తినడం సింహం జింకని తినడం లాంటిదే, కాకపోతే వంకాయ ఆకు మీద జరుగుతుంది, మిద్దె మీద కుండీలో కూడా చూడొచ్చు. లింగాకర్షక బుట్టలు చూపించినప్పుడు ఆపి అడగండి, బుట్టలో మగ పురుగులే ఎందుకు పడుతున్నాయి అని. ఆడ పురుగు వాసన లాంటిదాన్ని చిన్న ఎరలో పెట్టి వేలాడదీస్తారు, అదీ సంగతి.

ఒకరోజు చెరకులో పీక పురుగు గురించి వస్తుంటే నాన్న లేచి కూర్చున్నారు. ట్రైకోగ్రామా కార్డు అని, పోస్టుకార్డులో ముక్కంత ఉంటుంది, దాని మీద గరుకు కాగితంలాగా సన్నటి గుడ్లు అంటించి ఉంటాయి, ఆకు అడుగున కట్టేస్తారు. అందులోంచి కంటికి ఆనీ ఆననంత కందిరీగలు వచ్చి పీక పురుగు గుడ్లలో తమ గుడ్లు పెడతాయి, పురుగు పుట్టకముందే అయిపోతుంది. మా పాప "అంటే తాతయ్యా, గుడ్డు లోపల గుడ్డా" అని నోరు తెరిచింది. "అవునే, మా చేలో నేనే కట్టినాను, అనకాపల్లి నుంచి తెచ్చి" అన్నారు నాన్న. అనకాపల్లి పరిశోధనా కేంద్రం 1913 నుంచి ఉంది, చెరకుకి పెట్టింది పేరు. అరవై రూపాయల పాప్‌కార్న్ పెట్టుకుని చూసిన ఏ ప్రోగ్రాంకీ మా ఇంట్లో అంత చర్చ జరగలేదు. మీ ఇంట్లో ఊరు నుంచి వచ్చిన తాతయ్యో అమ్మమ్మో ఉంటే వాళ్ళని ఎక్స్‌పర్ట్ చేసెయ్యండి, వాళ్ళ ముందు ఏ బీబీసీ గొంతూ పనికిరాదు.

ఒక్క రకం మాత్రం నేను ఇంట్లో తగ్గించేశాను, పాముల్ని తోక పట్టుకుని ఎత్తి కెమెరా ముందు ఊపే షోలు. వైజాగ్‌లో ఎండాడ, మధురవాడ వైపు కొండల అంచున ఇళ్ళు కాబట్టి వాన పడితే పాము గుమ్మంలో ఉంటుంది, అక్కడ పిల్లాడు టీవీ హీరో అవుదామనుకుంటే కష్టం. మా మేనల్లుడు, వాడికి పదకొండు, కర్ర పట్టుకుని జెర్రిపోతు మీదకి వెళ్ళాడు, అదృష్టం బాగుండి విషం లేనిది. ఆ షోలు చూడాల్సొస్తే పక్కన కూర్చుని నాలుగు పేర్లు నేర్పండి, నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, మన దగ్గర ఎక్కువ ప్రాణాలు తీసేవి ఇవే. కరిస్తే కొయ్యడం, కట్లు బిగించడం, పసరు రాయడం ఏమీ వద్దు, కదలకుండా ఉంచి నేరుగా పెద్దాసుపత్రికి, విరుగుడు ఇంజెక్షన్ ఒక్కటే మందు. తూర్పు కనుమల్లో గిరినాగు కూడా ఉంది, ఆకులు పోగేసి గూడు కట్టుకునే పాము అదొక్కటే, దాన్ని టీవీలోనే చూడండి చాలు.

ఇక బయటికి. మేం పెట్టుకున్న రూలు ఏంటంటే టీవీలో ఒక గంట చూస్తే ఆ వారంలోనే బయట ఒక గంట, చూసినదానికి దగ్గరగా ఉండేది ఏదో ఒకటి వెతుక్కోవాలి. సింహాల ఎపిసోడ్ చూసి సింహాల కోసం వెళ్ళక్కర్లేదు, వేట చూశాం కాబట్టి బల్లి పురుగుని పట్టుకోవడం చూసినా చాలు. జూ ఉందిగా అంటారు, ఉంది, సోమవారం సెలవు, కానీ జూలో జంతువు మన కోసం రెడీగా ఉంటుంది, ఓపిక నేర్పదు.

ఓపికకి నాకు తెలిసి సాగర్‌నగర్ బీచ్‌లో పీతలే మాస్టార్లు. సాయంత్రం ఎండ తగ్గాక వెళ్ళండి, తడి ఇసుకకి కాస్త పైన బొటనవేలు పట్టేంత కన్నాలు ఉంటాయి, ఒక దాని పక్కన కొత్తగా తోడిన ఇసుక, రంగు ముదురుగా, తడిగా ఉన్నది ఎంచుకోండి, లోపల మనిషి ఉన్నట్టు. ఆరేడు అడుగుల దూరంలో కూర్చోండి, నీడ కన్నం మీద పడకుండా. కాలు కూడా కదపొద్దు, అడుగు వేస్తే ఇసుకలో అదురు వాటికి తెలిసిపోతుంది. పది నిమిషాలు ఏమీ ఉండదు. తర్వాత రెండు నల్ల చుక్కలు లేస్తాయి, పుల్లల మీద నిలబెట్టిన మిరియాల్లాగా, అవి కళ్ళు. అటు ఇటు చూస్తాయి, మళ్ళీ మునుగుతాయి. ఇంకో రెండు నిమిషాలకి మొత్తం బయటికి, ఇసుక రంగే, నిలబడితే కనబడదు, కదిలితేనే కనబడుతుంది, ఒక పక్క కాళ్ళతో ఇసుక ముద్ద ఒడిసిపట్టి తెచ్చి విసిరికొట్టి మళ్ళీ లోపలికి. మేం మొదటిసారి ఇరవై నిమిషాలు కూర్చుంటే నలభై సెకన్లు చూశాం, అప్పుడే ఎవరో కుక్కని వదిలారు, అయిపోయింది. పాప ఏడవలేదు. "ఇది తియ్యాలంటే కెమెరా ఎక్కడ పెట్టాలి నాన్నా" అంది.

తాబేళ్ళ ఎపిసోడ్ అయితే జనవరి నుంచి మార్చి మధ్య చూడండి, ఎందుకంటే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన బీచ్‌ల్లో గుడ్లు పెట్టే సీజన్ అదే. టీవీలో ఒడిశా చూపిస్తారు, గహిర్‌మఠ, రుషికుల్య, వేలూ లక్షలూ ఒకేసారి ఒడ్డుకొస్తాయి. మన దగ్గర అలా కాదు, రాత్రిపూట ఒకటీ అరా వచ్చి వంద చిల్లర గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి, ఈ తేడా పిల్లలకి ముందే చెప్పకపోతే మళ్ళీ కంబాలకొండ ఏడుపే. కుక్కలు తవ్వేస్తాయని అటవీశాఖ వాళ్ళు ఆ గుడ్లు తీసి కంచె వేసిన హేచరీల్లో పాతిపెడతారు, 45 నుంచి 60 రోజుల్లో పిల్లలొస్తాయి, ఇసుక వేడిగా ఉంటే ఎక్కువ ఆడవి పుడతాయి. పిల్లల్ని వదిలేది ఎక్కువగా తెల్లవారుజామున, ముందురోజే అక్కడి సిబ్బందిని అడిగితే చెప్తారు. ఫోన్ లైట్ వెయ్యొద్దు, అవి వెలుగు వైపు వెళ్తాయి, సముద్రం అనుకుని రోడ్డు మీదకి పోతాయి. చేత్తో ఎత్తి నీళ్ళలో వదలడం కూడా పుణ్యం కాదు, నడవనివ్వండి.

వేసవి సెలవుల్లో ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, కాకి గూడు ఉన్న చెట్టు ఒకటి కిటికీలోంచి కనబడితే చాలు. కోయిల కాకి గూట్లో గుడ్డు పెడుతుందని అందరికీ తెలుసు, చూసినవాళ్ళు ఎంతమంది? మగది నల్లగా, ఆడది గోధుమరంగు మీద చుక్కలతో ఉంటుంది, మగది గోల చేసి కాకుల్ని తన వెంట తిప్పుకుంటుంటే ఆడది పని కానిస్తుంది. మా వేపచెట్టు మీద జూన్‌లో కాకి ఒకటి నోరంతా ఎర్రగా తెరిచిన కోయిల పిల్లకి మేత పెడుతుంటే మా ఫ్లోర్‌లో ముగ్గురు ఇళ్ళవాళ్ళం బాల్కనీల్లో నిలబడి చూశాం. అరుపు విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ ఫ్రీగా వస్తుంది, పిల్లల చేతికిస్తే ఫోన్ కాసేపైనా మంచి పనికి వాడతారు.

చలికాలంలో ఒకసారి కొండకర్ల ఆవకి, అంటే అక్కడి సరస్సుకి వెళ్ళండి, వైజాగ్ నుంచి గంటన్నర, రెండు తాటి దోనెలు కలిపి కట్టిన పడవ మీద తిప్పుతారు, వలస పక్షులు ఎండలు ముదిరేదాకానే. పిల్లలకి లైఫ్ జాకెట్ మీరే తీసుకెళ్తే నయం.

సముద్రం లోపలి ఎపిసోడ్లు చూసినవాళ్ళకి తెన్నేటి పార్క్ కింద, రుషికొండ పక్క రాళ్ళ మధ్య నీటి గుంటలు ఉన్నాయి, ఆటు సమయంలో మాత్రమే బయటపడతాయి. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్ళు బాగా వెనక్కి పోతాయి కాబట్టి ఆ రెండు రోజులూ క్యాలెండర్‌లో చూసుకుని, టైడ్ టైము ఫోన్లో చూసుకుని, ఆటుకి ఒక గంట ముందే అక్కడ ఉండండి, రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి టైము ఇవాళ పనికిరాదు. శంఖాలు మోసుకు తిరిగే పీతలు, పువ్వులా విచ్చుకుని ఏదైనా తగిలితే ముడుచుకునే సీ అనెమోన్లు, గుంటలో ఇరుక్కున్న చిన్న చేపలు, అన్నీ వంగి చూడాల్సినవే. బతికున్న గవ్వలు పైకి తియ్యొద్దు, కొన్నింటికి విషం ఉంటుంది. నాచు మీద హవాయి చెప్పులు జారతాయి, వెనకాల పట్టీ ఉన్న శాండల్స్ వేసుకోండి, సముద్రానికి వీపు పెట్టి కూర్చోవద్దు, పెద్దవాళ్ళలో ఒకరు గుంటల్లోకి చూడకుండా అలల్నే చూస్తూ నిలబడాలి. మా ఇంట్లో ఆ డ్యూటీ నాదే, అందుకే ఆక్టోపస్ ఇంకా నేను చూడలేదు, పాప రెండుసార్లు చూసిందట.